పాలు పితికితే పనే, తోడేస్తే కాదు

2001 ఫిబ్రవరి. గుజరాత్‌లో భూకంపం వచ్చి అప్పటికి రెండు వారాలు. పేపరు తెరిస్తే భుజ్ ఫొటోలే. నాకు మార్చిలో పదో తరగతి పరీక్షలు. మా నాన్నకేమో జనాభా లెక్కల డ్యూటీ పడింది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో, కాలవ పక్కన మా ఊరు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. 1991లోనూ ఆయనే ఇల్లిల్లూ తిరిగారు కాబట్టి ఊళ్లో ఆయన రెండు రకాలుగానూ లెక్కల మాస్టారే. ఈసారి ఫారాలు వేరట. మిషను చదువుతుందట, మడత పడకూడదట, అంకె గడి దాటకూడదట. శిక్షణ నుంచి వచ్చాక ఆ కాగితాల్ని పెళ్లి శుభలేఖల కంటే జాగ్రత్తగా చూసుకున్నారు. వాటిని అట్టపెట్టెలో పెట్టుకుని ఆయన వెనకాల నడవడం నా పని. పరీక్షల ముందు ఈ తిరుగుళ్లేంటని అమ్మ గొణిగింది గానీ, నాకు ఇంటింటికీ వెళ్లి లోపలెలా ఉందో చూడటం కంటే సరదా లేదు. తమ్ముణ్ని ఎందుకు తీసుకెళ్లలేదో అప్పుడు తట్టలేదు. వాడు చదువుకుంటున్నాడు. వాడు ఎనిమిదో తరగతి, వాడికి పబ్లిక్ పరీక్షలే లేవు.

ఒక్కో ఇంట్లో అరగంట పట్టేది. పేరు, వయసు, చదువు వరకు బాగానే నడిచేది. వయసుల దగ్గర మాత్రం మగవాళ్లు ఆగిపోయేవాళ్లు. "పెద్దాడికా... ఎన్నుంటాయే?" అని లోపలికి తల తిప్పేవాళ్లు. తలుపు చాటు నుంచి జవాబు వచ్చేది. "ఉప్పెన వచ్చినప్పుడు మూడో నెల కడుపు." మా వైపు వయసులన్నిటికీ కొలత 1977 నవంబరు ఉప్పెనే. ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత. ఆ తర్వాత పుట్టినవాళ్లకి 1990 తుఫాను. నాన్న ఆ జవాబుని సంవత్సరాల్లోకి మార్చుకుని గడిలో రాసుకునేవారు. పిల్లల వయసులే కాదు, అత్తగారి వయసు, ఆడబిడ్డ పెళ్లయిన ఏడు, చనిపోయిన మామగారి తిథి, అన్నీ ఆ తలుపు వెనకే ఉండేవి.

తర్వాత పని గురించిన ప్రశ్న. గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పనిచేశారా? మగవాళ్ల దగ్గర ఇది క్షణంలో అయిపోయేది. వ్యవసాయం, కూలి, కొట్టు. భార్య దగ్గరికొచ్చేసరికి ఒకటే పాట.

"మీ ఆవిడ ఏం చేస్తారు?"

"ఏం చేస్తది మాస్టారూ, ఏం చేయదు. ఇంట్లోనే ఉంటది."

ఆ మాట అంటున్నప్పుడు ఆ ఏమీ చేయని మనిషి మా కళ్లెదురుగానే ఉండేది. ఒకచోట రుబ్బురోలు దగ్గర, ఒక చేత్తో పొత్రం తిప్పుతూ ఇంకో చేత్తో పిండి తోస్తూ, ఒళ్లో పిల్లాడు పాలు తాగుతూ. ఒకచోట దొడ్లో పిడకలు కొడుతూ, చేతుల నిండా పేడతోనే మాకు దణ్ణం పెట్టబోయి నాలిక కరుచుకుంది. ఇంకో ఇంట్లో అయితే మరీ విచిత్రం. మినుము పీకే రోజులు కదా, ఆమె పొద్దున్నే చేలోకి పోయి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మంచం మీద కూర్చున్న మొగుడు ధీమాగా "ఏం చేయదండీ" అన్నాడు. ఆమె చెంబు కింద పెట్టి, "మరి ఇందాకటిదాకా చేలో దయ్యం తిరిగిందా?" అంది. నాన్న నవ్వాపుకుని వ్యవసాయ కూలీ అని రాసుకున్నారు.

మిగతా చాలామందికి మాత్రం 'పని లేదు' అనే రాశారు. పనిలేని వాళ్లందరూ మళ్లీ ఒకటి కాదు. వాళ్లని రకాలుగా విడగొట్టే గడి ఇంకోటుంది. విద్యార్థి, ఇంటి పనులు, ఆధారపడినవారు, పెన్షనుదారు, యాచకులు... ఆ వరుస చదివి, "నాన్నా, ఇంటిపని చేసేవాళ్లూ అడుక్కునేవాళ్లూ ఒకే గడిలోనా?" అన్నాను. "కోడ్ వేరు" అన్నారు నాన్న. ఆయన దృష్టిలో కోడ్ వేరైతే సమస్య తీరిపోయినట్టే.

మా ఇంటి ఫారం ఆఖర్న పెట్టుకున్నారు.

ఆ రాత్రి గురించి చెప్పాలంటే ముందు మా అమ్మ రోజు చెప్పాలి. రెండు గేదెలు. నాలుగున్నరకి లేచేది. కల్లాపి, ముగ్గు, పేడకళ్లెత్తడం, కుడితి కలపడం, పాలు పితకడం. ఆరున్నర లోపు పాల కేంద్రానికి క్యాను వెళ్లాలి. క్యాను మోసుకెళ్లేది తమ్ముడో నేనో. పాల పుస్తకం మాత్రం నాన్న పేరు మీద ఉండేది. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ డబ్బుల్ని ఊళ్లో "మాస్టారి పాలబిల్లు" అనేవాళ్లు.

ఇంటికి ఉంచుకున్న పాలు దాలిలోకి వెళ్లేవి. ఈ కాలం పిల్లలకి దాలి అంటే తెలియదేమో. వంటింటి మూల నేలలో గుంట. అందులో పిడకలు పేర్చి, పైన ఊక పోసి, నిప్పు రాజేసి, దాని మీద పాలకుండ పెడతారు. మంట రాకూడదు, ఆరిపోకూడదు. పొద్దున పెట్టిన పాలు మధ్యాహ్నం దాకా అలా సన్నగా కాగుతూనే ఉంటాయి. పైన మీగడ ఎర్రగా, చపాతీ అంత మందంగా కడుతుంది. ఆ ఎరుపు రావాలంటే మధ్యలో నాలుగుసార్లు వచ్చి చూడాలి. ఊక కదపాలి, నివురు గీకాలి, గాలి ఎటు కొడుతోందో కనిపెట్టాలి. సాయంత్రం పాలు గోరువెచ్చగా అయ్యాక తోడు వేయాలి. ఆ 'గోరువెచ్చగా' ఎంతో అమ్మ చిటికెన వేలుకే తెలుసు. చలికాలం కాస్త ఎక్కువ తోడు, ఎండాకాలం చుక్క. తెల్లారి కవ్వం. చిలికాక వెన్న. వెన్న పోగైతే ఆదివారం నెయ్యి. మజ్జిగ కోసం చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్లు గిన్నెలతో వచ్చేవాళ్లు.

ఇవన్నీ పక్కన పెడితే, నాయనమ్మ ఉంది. 1998 శ్రావణంలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆ మంచం వసారాలో ఉండేది. పొద్దున ఒళ్లు తుడవడం, చీర మార్చడం, మెత్తగా కలిపిన అన్నం ముద్దలు పెట్టడం, పుండ్లు పడకుండా ఎడమకీ కుడికీ తిప్పడం. పాత నేత చీరలు చింపి, మడతలు పెట్టి, పక్క కింద వేసి, మళ్లీ తీసి, వేణ్నీళ్లలో ఉడకబెట్టి ఉతకడం. వసారా దండెం మీద ఆ గుడ్డలు ఎప్పుడూ ఆరుతూనే ఉండేవి. స్నేహితురాళ్లు వస్తే నాకు సిగ్గుగా ఉండేది. అది ఇప్పుడు రాయడానికి ఇంకా సిగ్గుగా ఉంది.

నాయనమ్మ మాట ముద్దగా వచ్చేది. ఏమంటోందో అమ్మకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు, కన్నకొడుక్కి కూడా. ఏదైనా అడగాలంటే నాన్న అమ్మని పిలిచి, "ఏమంటోంది?" అని అడిగేవారు.

ఇక ఆ రాత్రి. కరెంటు పోయింది. నాన్న లాంతరు దగ్గర ఫారం పరుచుకుని, అంకెలు వంకర పోకుండా తన పేరు, తన ఉద్యోగం రాసుకున్నారు. తర్వాత వంటింటి వైపు తిరిగి, ఊళ్లో వాడే గొంతుతోనే అడిగారు.

"ఏమే, గడిచిన ఏడాదిలో నువ్వేమన్నా పనిచేశావా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఊసుపోక అడుగుతున్నారా, నిజంగానే అడుగుతున్నారా?"

"ఫారంలో ఉందే."

"ఏదో ఒకటి రాసుకోండి. నాకు అత్తయ్యకి అన్నం పెట్టాలి."

నాన్న పెన్ను దించబోయారు. నేను అప్పటికి వారం రోజులుగా ఆ సూచనల పుస్తకం తిరగేస్తున్నాను. పరీక్షల పుస్తకాల కంటే అదే ఎక్కువ చదివాను. అందులో ఒక వాక్యం నాకు గుర్తొచ్చి బయటికి చదివాను. సొంత వాడకం కోసమే అయినా పాలు ఉత్పత్తి చేస్తే ఆ మనిషిని పనిచేస్తున్నట్టే లెక్కవేయాలి. పదేళ్ల క్రితం లేదు, ఈసారి చేర్చారు. నాన్న పుస్తకం లాక్కుని రెండుసార్లు చదువుకున్నారు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తే పూర్తి స్థాయి పనివాళ్ల కింద రాయాలి. ఇక్కడేమో గేదెలకి ఆదివారాలు, సంక్రాంతి సెలవులు ఉండవు.

"అయితే నువ్వు పనిచేస్తున్నట్టేనే" అన్నారు నాన్న, ఏదో పరీక్ష ఫలితం చెప్తున్నట్టు.

"దేనికి?"

"పాలు పితుకుతున్నందుకు."

"మరి కాగబెట్టినందుకు?"

"అది కాదు."

"తోడేసినందుకు?"

"అదీ కాదు. అది ఇంటిపని."

"మీ అమ్మని చూసుకుంటున్నందుకు?"

నాన్న పుస్తకం పేజీలు తిప్పారు. అందులో దొరకదని ఆయనకీ తెలుసు. అప్పుడు వసారాలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది, ఎప్పట్లాగే ముద్దముద్దగా. అమ్మ ఒక్క క్షణం చెవి పెట్టి విని, "మీ అమ్మ అంటోందీ, గేదె పొదుగు దగ్గర కూర్చుంటే పనీ, ముసలిదాని మంచం దగ్గర కూర్చుంటే ఊరికేనా అని" అంది.

అది నిజంగా నాయనమ్మే అందో, అమ్మ తన మాటని ఆవిడ నోట పెట్టిందో ఈరోజుకీ మాకెవరికీ తెలియదు. అడిగి కనుక్కుందామంటే అమ్మనే అడగాలి.

అమ్మ పేరు పక్కన పనిచేస్తున్నట్టు రాశారు. నాయనమ్మది 'ఆధారపడినవారు'. ఎవరి మీద ఆధారపడిందో రాయడానికి గడి లేదు.

మర్నాడు పొద్దున నాన్న ఒక్క ముద్ద కూడా సరిగా తినలేదు. ఆయన లెక్కల మనిషి, తప్పు చేసిన లెక్క ఆయన్ని నిద్రపోనివ్వదు. మా అమ్మది పనైతే, పాడి ఉన్న మిగతా ఇళ్ల ఆడవాళ్లందరిదీ పనే. వాళ్లందరికీ మొగుళ్ల మాట విని 'లేదు' అని రాసేశారు. కొట్టివేతలంటే ఆయనకి ఒళ్లుమంట, అయినా మళ్లీ బయల్దేరాం. ఈసారి ప్రశ్న మార్చారు. "మీ ఆవిడ ఏం చేస్తారు" అని కాకుండా "మీ గేదె పాలు ఎవరు పితుకుతారు" అని అడిగారు. జవాబులన్నీ మారిపోయాయి.

"అదీ పనేనా మాస్టారూ!" అని నవ్వినవాళ్లే ఎక్కువ. ఒక ముసలావిడ "అట్టా రాస్తే డబ్బులేమన్నా ఇస్తారా బాబూ?" అంది. "ఇవ్వరమ్మా, లెక్కలోకి వస్తావు" అన్నారు నాన్న. "ఓహో" అని మళ్లీ గడ్డి కోసుకోవడానికి పోయింది. కాస్త కలిగిన ఇంటి పెద్దమనిషి ఒకాయన మాత్రం గట్టిగా అడ్డుపడ్డారు. "మా ఇంటి ఆడవాళ్లు పనిచేస్తారని రాస్తావా? రేపు సంబంధాలకి వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?" ఆ ఇంట్లో నాలుగు గేదెలు. "ఇది ఎవరికీ చూపించరు లెండి, రహస్యం" అని నాన్న సర్దిచెప్పారు. ఆయన వెనక గుమ్మంలో నిలబడిన ఆవిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. అంత పెద్ద ఇంట్లో ఆవిడ చేసే పని సర్కారు వారి రహస్యం అయింది.

ఇదంతా చదివి మా నాన్న ఏదో సంస్కర్త అనుకోకండి. నెల తిరక్కుండానే మార్చి 14న కలకత్తాలో లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా అవుటవకుండా ఆడారు. నాన్న, తమ్ముడు, పక్కింటి బాబాయిలు ఇద్దరూ టీవీ ముందు నుంచి కదల్లేదు. టీలు అయిదుసార్లు, మధ్యలో పకోడీలు. ఆ రోజు రోజంతా క్రీజులో ఉన్నది ముగ్గురు, లక్ష్మణ్, ద్రావిడ్, మా అమ్మ. నాన్న ఖాళీ గ్లాసు నేల మీద పెట్టి, కళ్లు టీవీ మీదే ఉంచి, దాన్ని వేలితో వంటింటి వైపు కొద్దిగా తోసేవారు. అది ఇంకో టీకి గుర్తు.

నేనూ తక్కువదాన్నేం కాదు. ఆ జూన్‌లో ఇంటర్ దరఖాస్తులో 'తల్లి వృత్తి' అనే చోట ఒక అడ్డగీత గీశాను. ఆ చేత్తోనే, మూడు నెలల ముందు నాన్న వెనక ఆ ఫారాలు మోశాను. ఎందుకు గీశానంటే జవాబు లేదు. అందరూ అలాగే గీస్తున్నారు.

పక్కింటి పిన్నికి డ్వాక్రా గ్రూపులో ఉన్నందుకు దీపం పథకం కింద గ్యాసు పొయ్యి వచ్చింది. ఆ పథకం 1999లో మొదలైంది, మా ఊరికి వచ్చేసరికి ఇంకొంచెం టైము పట్టింది. ఆవిడ దానికి పసుపు, కుంకుమ పెట్టి, పైన గుడ్డ కప్పి, చుట్టాలొస్తేనే వెలిగించేది. సిలిండరు అయిపోతే మళ్లీ నింపించడానికి డబ్బు కావాలి, పుల్లలకి అక్కర్లేదు. పుల్లలు ఏరుకొచ్చేది ఆవిడే కాబట్టి వాటికి ఖర్చు లేదు. ఈ లెక్క అప్పట్లో ఊరంతా నమ్మింది, నేను కూడా.

నాయనమ్మ 2004లో పోయింది. ఆరేళ్లు మంచంలో ఉన్నా ఒంటి మీద పుండు పడలేదని దినం రోజు వచ్చినవాళ్లంతా చెప్పుకున్నారు. "అదృష్టవంతురాలు" అన్నారు, నాయనమ్మని.

2014లో నాకు డాలస్‌లో పురుడు. మాకు తెలిసిన తెలుగిళ్లన్నిట్లో జరిగినట్టే అమ్మకి టిక్కెట్టు తీశాం. నాన్న అప్పటికి రిటైరయ్యారు. ఇద్దరూ రావొచ్చుగా అంటే, ఇల్లు వదిలి ఎలా అన్నారు. ఇంట్లో అప్పటికి ఒకటే గేదె. అమ్మ బయల్దేరడానికి పది రోజుల ముందు దాన్ని అమ్మేశారు. పితికే మనిషి లేదు కదా మరి.

వీసా ఇంటర్వ్యూకి ముందు అమ్మకి ఊరంతా శిక్షణ ఇచ్చింది. అమెరికా వెళ్లొచ్చిన ఆడవాళ్లు మా ఊళ్లో అప్పటికే డజను మంది ఉంటారు. వాళ్లందరిదీ ఒకే హెచ్చరిక. కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పు, ఊళ్లు చూస్తానని చెప్పు, పిల్లని చూసుకోవడానికి అని మాత్రం నోరు జారి కూడా అనకు. అలా అంటే పనికొస్తున్నావంటారు, వెనక్కి పంపేస్తారు. మా ఆయన కూడా ఫోన్లో ఇదే చెప్పి, తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు వాక్యాలు రాసి పంపారు. అమ్మ వాటిని దండకంలా వల్లించింది. ఒకరోజు ఫోన్లో మధ్యలో ఆగి అడిగింది.

"ఏమే, పిల్లని ఎత్తుకుంటే వాళ్ల దగ్గర పనేనా?"

"అంటారంట అమ్మా."

"చూశావా, మీ నాన్న పుస్తకంలో లేదు, వాళ్ల పుస్తకంలో ఉంది. వాళ్లే నయం."

వచ్చింది. ఆరు నెలలు ఉంది. నాకు పథ్యం వంటలు, పిల్లకి నలుగు, సాంబ్రాణి పొగకి మోగిన స్మోక్ అలారం, అన్నీ అయ్యాయి. ఇక్కడి పాలు ఎంత కాచినా మీగడ కట్టవని వారం రోజులు బెంగపెట్టుకుంది. తోడు పడటం లేదని ఇంకో వారం. చివరికి పక్క అపార్ట్‌మెంట్‌లో నెల్లూరావిడ చెప్పిన చిట్కాతో ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, లోపల గిన్నె పెట్టి తలుపు మూసేసింది. తెల్లారి గట్టిగా తోడుకున్న పెరుగు తీసి చూసి, "ఇది మన దాలే" అంది. అప్పటి నుంచి రాత్రిళ్లు మా వంటింట్లో ఆ చిన్న పసుపు లైటు వెలుగుతూ ఉండేది. పిల్ల ఏడిస్తే లేచి వెళ్తే, ఆ వెలుతుర్లో అమ్మ అప్పటికే పిల్లని భుజాన వేసుకుని తిరుగుతూ కనిపించేది.

నాకు ఆఫీసు మొదలయ్యే టైముకి డేకేర్ల గురించి వాకబు చేశాను. పసిబిడ్డకి నెలకి 1,200 డాలర్లు అడిగారు. అమ్మ రూపాయల్లోకి మార్చమంది. 72,000 అన్నాను. ఉయ్యాల ఊపుతున్న చెయ్యి ఆగింది.

"నెలకా?"

"నెలకే."

"మీ నాన్న పెన్షను దీంట్లో సగం లేదు." కాసేపాగి, "రాత్రిళ్లు కూడా ఉంచుకుంటారా?"

"లేదు, సాయంత్రం ఆరు దాకానే."

"వంట?"

"వంటేంటమ్మా, పిల్లకి పాలు కూడా మనమే పంపాలి."

ఇంకేమీ అనలేదు. రాత్రి అన్నాలప్పుడు మా ఆయనతో నవ్వుతూ, "మా అమ్మాయి నాకు చాలా బాకీ పడింది బాబూ" అంది. మేం కూడా నవ్వాం. ఆ ఆరు నెలల్లో అమ్మకి చూపించిన అమెరికా ఏంటంటే, రెండు రోజుల నయాగరా, ఒక గుడి, ఇండియన్ సరుకుల కొట్టు. మిగతా రోజులు పిల్లని ఎత్తుకుని కిటికీలోంచి పార్కింగులో కార్లు చూసేది. ఏ కారు ఎవరిదో, ఎవరు ఎన్నింటికి వస్తారో అన్నీ తెలుసు ఆమెకి. ఆ కిటికీ ఫొటో ఒక్కటీ లేదు మా దగ్గర. నయాగరావి రెండొందలున్నాయి.

2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు గురించి వార్త చదివాను. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల కేసు. ఆవిడ గృహిణి. పరిహారానికి ఆవిడ పనికి ఎంత విలువ కట్టాలన్నది ఒక ప్రశ్న. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తన మాట రాశారు. వంట, సరుకులు, ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్లు, ఖర్చుల లెక్కలు, పల్లెల్లో అయితే నాట్లు, కోతలు, పశువులు, అన్నీ వరుసగా చెప్పారు. ఆయనది మా పక్క జిల్లా, అప్పటి కృష్ణాజిల్లాలోని పొన్నవరం. ఇలాంటి వసారాలు ఆయనకి తెలియకుండా ఉండవు. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే అంకెలు కూడా ఆ తీర్పులో ఉన్నాయి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 97.

నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆయన ఇంకో తీర్పు గుర్తుచేశారు. 2010లో ఇదే సుప్రీంకోర్టు, గృహిణుల్ని యాచకులతో, ఖైదీలతో కలిపి ఒకే గంపలో వేశారని జనాభా లెక్కల్నే తప్పుపట్టింది. ఏ లెక్కల్ని? 2001వి. "మనం తిరిగినవే" అన్నారు నాన్న. ఆ కటింగు దాచుకున్నారట, నాకెప్పుడూ చెప్పలేదు. నేను అప్పుడు మోటారు వాహనాల చట్టంలోని పాత పద్ధతి చెప్పాను. సంపాదన లేని భార్య పోతే, భర్త సంపాదనలో మూడో వంతు ఆవిడ సంపాదన అనుకోవాలని 1994లో అందులో చేర్చారు.

లెక్కల మాస్టారు ఒక్క నిమిషం ఆలోచించారు. "అంటే కలెక్టరు గారి భార్య పప్పు వండితే ఎక్కువ, బంట్రోతు భార్య వండితే తక్కువా?"

"అంతే కదా నాన్నా."

"అది లెక్క కాదే, తప్పు."

ఆ సర్వేనే 2024లో మళ్లీ చేశారు. ఆడవాళ్లవి 289 నిమిషాలకి తగ్గాయి. పది నిమిషాలు తగ్గాయి కదా, ఇళ్లలో మగవాళ్లు అందుకున్నారేమో అని సంబరపడుతూ పక్క అంకె చూశాను. 97 కాస్తా 88 అయింది. వాళ్లు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు.

ఆ సర్వే చేసే పద్ధతి నాకు నచ్చింది. నువ్వు పనిచేస్తావా అని అడగరు. నిన్న తెల్లవారుజామున నాలుగు నుంచి ఈరోజు నాలుగు దాకా ఏం చేశావో అరగంట అరగంటగా చెప్పమంటారు. మా నాన్న రెండోరోజు అడిగిన గేదె ప్రశ్నలాంటిదే ఇది. ఇక 2027లో మళ్లీ జనాభా లెక్కలు, 2011 తర్వాత ఇదే. ఈసారి ఫోన్లలో ఎక్కించుకుంటారట. మడత పడకుండా మోసే పని ఎవరికీ ఉండదు.

మొన్నొక శనివారం రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున, ఒక రూళ్ల పుస్తకం ముందు పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశాను. అమ్మకి ఇప్పుడు 61. గేదెలు లేవు. నాన్నకి మోకాళ్లు, బీపీ, కాస్త మతిమరుపు.

"అమ్మా, నిన్న పొద్దున నాలుగింటి నుంచి ఏం చేశావో చెప్పు."

"నాలుగింటికి నిద్రపోతున్నా."

"తర్వాత?"

"నాలుగున్నరకి లేచా."

"గేదెల్లేవుగా, ఎందుకంత పొద్దున్నే?"

"ఏమో, మెలకువ వచ్చేస్తుంది." వాకిలి, ముగ్గు, పాలు, కాఫీ, నాన్న మాత్రలు అని చెప్పుకుపోయింది. ఏడున్నర గడి దగ్గర ఆగింది. "అప్పుడేం చేయలేదమ్మా. ఊరికే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ పక్కింటావిడ మనవణ్ని చూస్తున్నా, వాళ్లు ఆస్పత్రికెళ్తే."

నేను రాసుకుంటున్నాను. ఇంతలో కుక్కరు కూసింది, ఆమె ఫోన్ నాన్న చేతికిచ్చి లోపలికి వెళ్లింది. నాన్నకి విషయం అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక పాత గొంతు వచ్చేసింది.

"అరగంటకి ఒక పనే రాయాలా, రెండు రాయొచ్చా?"

"రెండు రాయొచ్చు నాన్నా."

"అయితే ఇందాకటి చిక్కుడుకాయలకీ, పిల్లాడికీ వేరువేరుగా రాయి. ఊ, ఎనిమిది నుంచి టిఫిను. ఎనిమిదిన్నర... అంట్లు. తొమ్మిదికి నా వేణ్నీళ్లు. తొమ్మిదిన్నరకి..." ఆగిపోయారు. పుస్తకంలో పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించిందేమో అనిపించింది నాకు, అలవాటుగా. తర్వాత ఫోన్ పక్కకి పెట్టి లోపలికి కేకేశారు.

"ఏమే, నిన్న పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా ఏం చేశావు?"

కుక్కరు మూత తీస్తున్న చప్పుడు. దాని వెనక నుంచి అమ్మ గొంతు.

"మీ కళ్లజోడు వెతికాను."